ప్రదక్షిణాపథం నుంచి ప్రదర్శనశాల గోడకు: అమరావతి శిల్పాల ప్రదర్శన చరిత్ర – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

అమరావతి మహాచైత్యానికి చెందిన శిల్పాలు నేడు ప్రధానంగా చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, అమరావతి స్థలంలోని పురావస్తు మ్యూజియంలోనూ ఉన్నాయి. వీటిపై ఇంతవరకు జరిగిన చర్చ ఎక్కువగా రెండు ప్రశ్నల చుట్టూ సాగింది. ఏ శిల్పం ఏ కాలానిది అన్నది మొదటిది. ఇవి ఎక్కడ ఉండాలి అన్నది రెండవది. ఈ రెండింటికీ ముందుగా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: నడుస్తూ చూడడానికి చెక్కిన శిల్పాన్ని నిలబడి చూసే వస్తువుగా ఎవరు, ఎప్పుడు, ఎలా మార్చారు? 19వ శతాబ్ది ఆరంభం నుంచి నేటి వరకు ఈ శిల్పాలను ప్రదర్శించిన తీరును ఆ ప్రశ్న వెలుగులో విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: అమరావతి, మహాచైత్యం, ప్రదక్షిణాపథం, మ్యూజియం, ప్రదర్శన, వేదిక, వలసపాలన, పునఃస్థాపన.

1. ప్రవేశిక

మ్యూజియం వస్తువులను భద్రపరచే చోటు మాత్రమే కాదు, వాటిని ఎలా చూడాలో నేర్పే చోటు కూడా. కారల్ డంకన్ 1995లో వెలువరించిన 'సివిలైజింగ్ రిచువల్స్' గ్రంథంలో కళా ప్రదర్శనశాల సందర్శనను ఒక క్రతువుగా వివరించింది. సందర్శకుడు ఏ ద్వారం గుండా ప్రవేశించాలి, ఏ వరుసలో నడవాలి, ఎక్కడ ఆగాలి అనేవన్నీ ఆ భవనమే నిర్దేశిస్తుందని ఆమె వాదన. అదే సంవత్సరంలో వచ్చిన 'ది బర్త్ ఆఫ్ ది మ్యూజియం'లో టోనీ బెన్నెట్ కూడా మ్యూజియం నడకను ఒక క్రమశిక్షణగా, పరిణామ చరిత్రను కాళ్లతో చదివించే పద్ధతిగా విశ్లేషించాడు.

ఈ సిద్ధాంతాలు ఐరోపా మ్యూజియంలను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. అక్కడి ప్రదర్శనశాలలు దేవాలయ వాస్తును అనుకరించి లౌకిక క్రతువును కల్పించాయి. అమరావతి విషయంలో పరిస్థితి వేరు. ఈ రాళ్లు మ్యూజియానికి చేరేనాటికే వాటికి తమదైన నడక ఉంది. అది ప్రదక్షిణ. కనుక అమరావతి శిల్పాల ప్రదర్శన చరిత్ర అంటే ఒక నడకను తొలగించి మరొక నడకను అమర్చిన చరిత్ర. ఈ మార్పును గుర్తించకుండా చేసే శైలీ విమర్శ అసంపూర్ణం. దీన్ని గుర్తించకుండా చేసే పునఃస్థాపన వాదం కూడా అసంపూర్ణమే.

2. నడకకు చెక్కిన రాయి

ధాన్యకటకంలోని మహాచైత్యం క్రీస్తుపూర్వ శతాబ్దాల్లో మొదలై, శాతవాహనుల కాలంలో విస్తరించింది. స్తూపం చుట్టూ దాదాపు 190 అడుగుల వ్యాసంతో రాతి వేదిక ఉండేది. నిలువు స్తంభాలు, వాటిని కలిపే అడ్డ కమ్ములైన సూచులు, పైన వరుసగా పరచిన ఉష్ణీష శిలలు కలిసి ఈ వేదిక ఏర్పడింది. నాలుగు దిక్కులా ద్వారాలు, వాటికి ఎదురుగా స్తూపపు అధిష్ఠానం నుంచి ముందుకు వచ్చిన ఆయక వేదికలు, ఒక్కొక్క దానిపై అయిదేసి ఆయక స్తంభాలు ఉండేవి. వేదికకూ స్తూపానికీ నడుమ ఉన్నదే ప్రదక్షిణాపథం.

ఈ నిర్మాణంలో శిల్పం ఎక్కడ ఉందో గమనించాలి. వేదిక వెలుపలి ముఖాన వికసించిన పద్మాలు, ఉష్ణీషంపై పెద్ద పూలదండలను మోసే మానవాకృతులు ప్రధానంగా కనిపిస్తాయి. జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు ఎక్కువగా లోపలి ముఖాన ఉన్నాయి. అంటే బయట నుంచి చూసేవాడికి అలంకారం కనిపిస్తుంది, లోపలికి అడుగుపెట్టిన వాడికి కథ కనిపిస్తుంది. ప్రదక్షిణలో స్తూపం కుడిపక్కన ఉంటుంది కనుక వేదిక లోపలి ముఖం ఎడమపక్కన ఉంటుంది. భక్తుడు కథకూ చైత్యానికీ మధ్య నడుస్తాడు. ఒక ఘట్టం వెనుకబడుతుంటే మరొకటి ఎదురవుతుంది. వేదిక వంపు తిరిగినది కాబట్టి మొత్తం ఏ ఒక్క చోటి నుంచీ కనిపించదు. చూడాలంటే నడవాల్సిందే.

శిల్పాలపై ఉన్న బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాషా శాసనాలు మరో సంగతిని చెబుతాయి. వాటిలో భిక్షుణులు, గృహిణులు, వణిజులు తమ దానాలను నమోదు చేసుకున్నారు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేసినట్లు ఒక శాసనం తెలుపుతుంది. దాత తన పేరును చెక్కించుకున్నది తన రాయి పక్కగా నడిచే వారి కోసం, తన పుణ్యం కోసం. ఆ రాయి ఏ స్థానంలో, ఏ రాయి పక్కన ఉందన్నది దానంలో భాగమే.

ఈ ఆరాధన శాతవాహనులతో ముగిసిపోలేదు. 1182 నాటి కోట కేతరాజు శాసనం అమరేశ్వరాలయంలో ఉంది. అది ఇక్కడి బుద్ధునికి చేసిన దీపదానాలను పేర్కొంటుంది. శ్రీలంకలోని గడలదెణియలో ఉన్న 1344 నాటి శాసనం ధాన్యకటకంలో ధర్మకీర్తి అనే భిక్షువు చేయించిన జీర్ణోద్ధరణను చెబుతుంది. స్థానికులు ఆ మట్టిదిబ్బను దీపాలదిన్నె అని పిలిచేవారు. కనుక 'మరుగున పడిన స్తూపాన్ని వలస అధికారులు కనుగొన్నారు' అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. నిర్మాణంగా అది శిథిలమైన మాట నిజం. స్థలంగా దాని జ్ఞాపకం చాలాకాలం నిలిచే ఉంది.

3. దిన్నె నుంచి రేవుకు

18వ శతాబ్ది చివరి దశకంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణాన్ని నిర్మింపజేస్తున్నప్పుడు దీపాలదిన్నె రాళ్లు కట్టడాలకు ఉపయోగపడ్డాయి. ఆ సంవత్సరాల్లోనే కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చాడు. తాను చూసిన దానిని 1807లో 'ఏసియాటిక్ రిసెర్చెస్'లో ప్రకటించాడు. 1816లో తిరిగి వచ్చేనాటికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. ఆ తరువాతి సంవత్సరాల్లో అతని చిత్రకారులు శిల్పాల రేఖాచిత్రాలను, దిన్నె పటాన్ని తయారు చేశారు. నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ చిత్రాల సంపుటిలో ఇప్పుడు ఎక్కడా కనిపించని శిల్పాలు కూడా ఉన్నాయి. ప్రదర్శన చరిత్ర దృష్టితో చూస్తే ఈ సంపుటికి ద్వంద్వ స్వభావం ఉంది. అది రాళ్ల స్థానాలను నమోదు చేయడానికి ప్రయత్నించిన తొలి పత్రం. ప్రతి రాయినీ దాని పక్క రాళ్ల నుంచి విడదీసి తెల్ల కాగితంపై ఒంటరిగా నిలిపిన తొలి ప్రదర్శన కూడా అదే.

మెకంజీ తరలించిన రాళ్లలో కొన్ని కలకత్తాకు చేరాయి, కొన్ని మచిలీపట్నంలో ఆగిపోయాయి. మచిలీపట్నంలో కలెక్టరు రాబర్ట్‌సన్ వాటిలో కొన్నింటిని కొత్త బజారులోని ఒక దిబ్బకు అలంకారంగా అమర్చాడు. దానికి అతని పేరే స్థిరపడింది. చైత్యపు రాళ్లు ఒక అధికారి స్మారకానికి అలంకారమయ్యాయి. మ్యూజియం ఇంకా ఏర్పడకముందే, రాయిని దాని నిర్మాణం నుంచి వేరుచేసి కొత్త అధికారానికి గుర్తుగా నిలబెట్టే పద్ధతి మొదలైందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపి పెద్ద సంఖ్యలో శిల్పాలను మద్రాసుకు పంపాడు. అవి చాలాకాలం ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1851లో ఏర్పడిన మద్రాసు మ్యూజియం వాటికి ఆశ్రయమైంది. 1858లో లినేయస్ ట్రైప్ వాటిని ఛాయాచిత్రాలు తీశాడు. 1859లో సుమారు 120 శిల్పాలు ఓడలో లండన్‌కు బయలుదేరాయి.

4. 'మార్బుల్స్' అన్న పేరు, మెట్ల పక్క గోడ

ఈ శిల్పాలకు 'ఇలియట్ మార్బుల్స్' అన్న పేరు వచ్చింది. ఇందులోని రెండు పదాలూ పరిశీలించదగినవే. 'ఇలియట్' అన్నది తవ్వించినవాడి పేరు. రాయి దానం చేసిన వందలాది మంది పేర్లు రాతిమీదే ఉండగా, సేకరణకు మాత్రం తరలించినవాడి పేరు పెట్టారు. 'మార్బుల్స్' అన్నది వాస్తవ విరుద్ధం. ఇది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. ఏథెన్స్ నుంచి తెచ్చిన 'ఎల్గిన్ మార్బుల్స్' అప్పటికే బ్రిటిష్ మ్యూజియంలో ప్రసిద్ధం. ఆ పేరును అనుసరించి పిలవడంతో అమరావతి శిల్పం గ్రీకు శిల్పం పక్కన, దాని కొలమానంతో అంచనా వేయవలసిన వస్తువు అయింది. ప్రదర్శన నామకరణంతోనే మొదలవుతుందనడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

పేరుకు తగిన గౌరవం రాళ్లకు వెంటనే దక్కలేదు. లండన్‌లో అవి మొదట గిడ్డంగిలో పడి ఉన్నాయి. కొన్ని ఫైఫ్ హౌస్‌లోని ఇండియా మ్యూజియం వెలుపలి గోడకు చేరి అక్కడి వాతావరణానికి దెబ్బతిన్నాయి. జేమ్స్ ఫెర్గుసన్ వాటిని పరిశీలించి, ఛాయాచిత్రాలు తీయించి, 1867 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆ ఛాయాచిత్రాలను చూపించాడు. 1868లో 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్' అనే పెద్ద గ్రంథాన్ని సాంచీ, అమరావతి స్తూపాలపై ప్రకటించాడు. ఇందులో అమరావతి శిల్పం వృక్ష, సర్పారాధనలకు సాక్ష్యంగా మారింది. భక్తుడి నడకకు తోడుగా ఉన్న దృశ్యం మానవ మతాల పరిణామ పట్టికలో ఒక గడిని నింపింది. 2023లో న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం ప్రాచీన భారతీయ బౌద్ధ కళపై ఏర్పాటు చేసిన ప్రదర్శనకు 'ట్రీ అండ్ సర్పెంట్' అన్న పేరే పెట్టారు. తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు కూడా పాల్గొన్న ఆ ప్రదర్శన దృక్పథం ఫెర్గుసన్ దృక్పథం కాదు. అయినా 19వ శతాబ్దపు శీర్షిక ఇంకా వాడుకలో ఉండడం, తొలి చట్రాలు ఎంత బలమైనవో తెలుపుతుంది.

1879లో ఇండియా మ్యూజియం రద్దు కాగా అమరావతి శిల్పాలు 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అక్కడ ప్రతి శిల్పానికీ ఇచ్చిన నమోదు సంఖ్య 1880 జూలై 9ని సూచించే అంకెలతో ప్రారంభమవుతుంది. రాయికి మ్యూజియంలో పుట్టినతేదీ అదే. అగస్టస్ వొలాస్టన్ ఫ్రాంక్స్ ఆధ్వర్యంలో వాటిని ప్రధాన సోపానమార్గపు గోడలపై అమర్చారు. మెట్లు మనిషిని పై అంతస్తుకు చేర్చే మార్గం. అక్కడి నడక మరో గదిని చేరడానికే. అమరావతి వేదిక చుట్టూ సాగే నడకకు గమ్యం వేరే లేదు, కేంద్రమే గమ్యం. వృత్తాన్ని విప్పి వాలుగోడపై పరచడంతో ఆ కేంద్రం మాయమైంది. అప్పటి ప్రదర్శకులకు ఇది లోపంగా కనిపించలేదు. వారి దృష్టిలో ఇది గోడకు తగిలించే చిత్రఫలకాల వరుస.

5. మూలమా, ప్రతిరూపమా: కోల్, బర్జెస్ మార్గాలు

లండన్‌లో ఈ అమరిక జరుగుతున్న సమయంలోనే అమరావతిలో మరో విధ్వంసం సాగింది. 1877లో రాబర్ట్ సెవెల్ తవ్వకాలు జరిపి, తాను బయల్పరచిన రాళ్ల స్థానాలను పటంలో గుర్తించి నివేదిక ఇచ్చాడు. 1880లో మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఆదేశంతో దిన్నె మొత్తాన్ని తవ్వించారు. స్తూపం ఉన్నచోట పెద్ద గొయ్యి మిగిలింది. ఏ రాయి ఎక్కడ దొరికిందో సరిగా నమోదు కాలేదు. తరువాత వచ్చిన జేమ్స్ బర్జెస్ శిల్పాలను మద్రాసుకు తరలించాలని నిశ్చయించాడు.

అప్పటి ప్రాచీన కట్టడాల సంరక్షకుడు హెన్రీ హార్డీ కోల్ దీన్ని వ్యతిరేకించాడు. శిల్పాలు ఎక్కడివి అక్కడే ఉండాలి, అవసరమైతే ప్రతిరూపాలు తీసుకోవాలి అన్నది అతని పక్షం. ఇది ఊహాజనితమైన వాదన కాదు. 1869–70లో అతనే సాంచీ తూర్పు తోరణానికి అచ్చు తీయించాడు. దాని ప్లాస్టర్ ప్రతిరూపం లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో ప్రదర్శితమైంది. తోరణం మాత్రం సాంచీలోనే నిలిచింది. మూలాన్ని స్థలంలో ఉంచి నకలును మ్యూజియానికి పంపే మార్గం 1881 నాటికే సాధ్యమని, ఆచరణలో ఉందని దీనివల్ల తెలుస్తుంది. అమరావతిని తరలించడం ఆనాటి అనివార్యత అనే వాదం అందువల్ల నిలవదు.

అయితే తరలించినవారి పక్షంలోనూ కొంత సత్యం ఉంది. అమరావతి రాళ్లను సున్నం కోసం కాల్చిన సందర్భాలు నమోదై ఉన్నాయి. రక్షణ లేని చోట వదిలివేస్తే మరికొన్ని రాళ్లు బూడిదయ్యేవని బర్జెస్ పక్షం వాదించడంలో అర్థముంది. విమర్శకు గురి కావలసినది రాయిని కాపాడాలన్న సంకల్పం కాదు. రాయి కాపాడదగినదని, రాళ్ల మధ్య ఉన్న సంబంధం కాపాడనక్కరలేదని వారు భావించారు. ఆ భావన దోషం. సాంచీ నేడు స్తూపంగా నిలిచి ఉంటే, అమరావతి శిల్పాలుగా మాత్రమే మిగలడానికి కారణాలలో ఇది ప్రధానమైనది.

6. మద్రాసు గోడ, శాస్త్ర విభజన

మద్రాసు మ్యూజియానికి చేరిన శిల్పాలలో చాలావాటిని 19వ శతాబ్ది చివరిలో గోడల్లోకి సిమెంటుతో బిగించారు. అది నాటి దృష్టిలో శాశ్వత రక్షణ. సిమెంటు నుంచి, గోడ తేమ నుంచి వచ్చే లవణాలు సున్నపురాయికి హాని చేస్తాయన్న అవగాహన తరువాతి కాలానిది. సంరక్షణ సమస్యతో పాటు దృష్టి సమస్య కూడా ఇందులో ఉంది. గోడలో కూరుకుపోయిన రాయికి వెనుక ముఖం లేదు, మందం లేదు, పక్క అంచులు లేవు. స్తంభం స్తంభంగా కాక చిత్రపటంగా కనిపిస్తుంది. సూచులు దూరే గాడులు, ఒక రాయి మరొక రాయితో కలిసే అంచులు చూపుకు అందవు. నిర్మాణానికి సాక్ష్యమిచ్చే భాగాలే మరుగున పడ్డాయి.

మద్రాసు జనం మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజీ' అనీ, జంతుప్రదర్శనశాలను 'బతికిన కాలేజీ' అనీ అర్థమిచ్చే తమిళ మాటలతో పిలిచేవారు. అధికారులు దీన్ని పామరత్వంగా భావించారు. ఆ పేరును మరో విధంగానూ చదవవచ్చు. ప్రాణమున్న సంబంధాల నుంచి విడివడిన వస్తువుల చోటును ప్రజలు సరిగానే గుర్తించారు.

ప్రదర్శనలోని ఈ విభజన పరిశోధనలోకీ ప్రవేశించింది. సి. శివరామమూర్తి 1942లో ప్రకటించిన 'అమరావతి స్కల్ప్చర్స్ ఇన్ ది మద్రాస్ గవర్నమెంట్ మ్యూజియం' ఈ రంగంలో మూలస్తంభం వంటిది. వస్త్రాలు, ఆభరణాలు, ఆయుధాలు, వాద్యాలు, గృహోపకరణాలు అన్నింటినీ ఆయన వర్గీకరించాడు. శిల్పాలను నాలుగు కాలదశలుగా విభజించాడు. 1954లో డగ్లస్ బ్యారెట్ బ్రిటిష్ మ్యూజియం శిల్పాలపై రాసిన గ్రంథంలో మూడు దశలను ప్రతిపాదించాడు. రాబర్ట్ నాక్స్ 1992 గ్రంథం అదే సేకరణను సమగ్రంగా పరిచయం చేసింది. ఈ గ్రంథాలు లేకుండా అమరావతి అధ్యయనం లేదు. అయినా వాటి శీర్షికలే గమనించదగినవి. శివరామమూర్తిది మద్రాసు మ్యూజియంలోని అమరావతి, బ్యారెట్‌ది బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి. మ్యూజియం హద్దే గ్రంథపు హద్దు అయింది. ఒకే వేదికలో పక్కపక్కన నిలిచిన రెండు రాళ్లు ఒకటి చెన్నైలో, మరొకటి లండన్‌లో ఉంటే అవి రెండు వేర్వేరు జాబితాలలోకి చేరతాయి.

కళాచరిత్రకారుడు రూపాన్ని తీసుకున్నాడు, శాసనవేత్త అక్షరాన్ని తీసుకున్నాడు, భాషావేత్త పదాన్ని తీసుకున్నాడు. అమరావతి శాసనంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన 'నాగబు' అన్న పదం తెలుగు భాషా చరిత్రలో తొలి పదంగా సుప్రసిద్ధం. తెలుగు సాహిత్య విద్యార్థి ఈ పదాన్ని పాఠ్యపుస్తకంలో నేర్చుకుంటాడు. ఆ అక్షరాలు చెక్కిన రాయి చైత్యంలో ఏమి పని చేసిందన్న ప్రశ్న పాఠంలో రాదు. ఈ విభజనకు ఏ పండితుడూ బాధ్యుడు కాడు. విడివిడిగా అందిన రాళ్లను విడివిడిగా చదవడం సహజమే. ఆ విడివిడితనం చారిత్రకంగా ఏర్పడినదన్న స్పృహ మాత్రం విమర్శకు ఉండాలి. ఆకిరా షిమాడా 2013లోనూ, కేథరిన్ బెకర్ 2015లోనూ ప్రకటించిన గ్రంథాలు శిల్పాన్ని తిరిగి నిర్మాణంలో, స్థలంలో, నేటి సమాజంలో ఉంచి చదవడానికి పూనుకున్నాయి. పరిశోధన ఇలా కదిలిన దిశలో ప్రదర్శన అంత త్వరగా కదలలేదు.

7. రెండు ముఖాల రాయి

బ్రిటిష్ మ్యూజియంలో రెండువైపులా చెక్కిన ఒక అధిష్ఠాన ఫలకం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వ 1వ శతాబ్దానికి చెందినదిగా భావించే దృశ్యం: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరించే భక్తులు. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి, రెండోవైపు సమస్త అలంకారాలతో కూడిన స్తూపాన్ని చెక్కారు. మూడు, నాలుగు వందల ఏళ్ల ఎడంలో ఒకే రాయి రెండుసార్లు చైత్యానికి చెందింది.

ఈ ఫలకం ప్రదర్శనా పద్ధతులన్నింటికీ పరీక్ష పెడుతుంది. గోడకు తగిలిస్తే ఒక శతాబ్దం మాయమవుతుంది. ఏ ముఖం చూపాలన్న నిర్ణయం, బుద్ధుని మానవరూపం లేని తొలి కాలాన్ని ప్రధానం చేయాలా లేక అలంకార వైభవాన్ని ప్రధానం చేయాలా అన్న నిర్ణయంగా మారుతుంది. చుట్టూ తిరిగి చూడగలిగేలా నిలిపితేనే రెండు కాలాలూ కనిపిస్తాయి. అంటే రాయి తన చూపరిని మళ్లీ నడవమంటుంది. రెండవ ముఖంలో మరో విశేషముంది. స్తూపం మీది ఫలకంపై స్తూపమే చెక్కి ఉంది. వేదిక, సింహాలు, ఆయక స్తంభాలు, అండం, ఛత్రాలు అన్నీ అందులో కనిపిస్తాయి. కూలిపోయిన మహాచైత్యపు రూపాన్ని ఊహించడానికి పండితులు ఆధారం చేసుకున్నవి ఇటువంటి ఫలకాలే. కట్టడం తన చిత్రాన్ని తనమీదే భద్రపరచుకుంది.

20వ శతాబ్దంలో బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలు దశాబ్దాల పాటు నేలమాళిగలో ఉండిపోయాయి. లండన్ గాలి, తేమ రాతిని దెబ్బతీయడం వల్ల ప్రత్యేక వాతావరణ నియంత్రణ అవసరమైంది. 1992లో వాటికోసం ఒక గది ప్రారంభమైంది. అద్దాల వెనుక, నియంత్రిత ఉష్ణోగ్రతలో శిల్పాలు తిరిగి వెలుగు చూశాయి. వేదిక భాగాలను నిర్మాణక్రమంలో నిలపడం పాత సోపాన ప్రదర్శన కంటే స్పష్టమైన ముందడుగు. అయితే రక్షణ కోసం పెట్టిన అద్దమే చూపరిని వెలుపల ఆపుతుంది. వేదిక లోపలికి వెళ్లడమే కథలోకి వెళ్లడమైన కట్టడానికి, లోపలికి వెళ్లలేని వేదికను చూపడం సగం వివరణ మాత్రమే.

8. అమరావతి, నాగార్జునకొండ

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా మద్రాసు మ్యూజియంలోని శిల్పాలు అక్కడే ఉన్నాయి. చెన్నై నుంచి, లండన్ నుంచి వాటిని తిరిగి తీసుకురావాలన్న ఆకాంక్ష తెలుగు సమాజంలో సహజంగానే ఉంది. ఈ ఆకాంక్ష న్యాయబద్ధతను చర్చించేటప్పుడు అమరావతిలోని నేటి స్థితిని కూడా గమనించాలి. భారత పురావస్తు శాఖ మ్యూజియంలో స్థలంలో దొరికిన శిల్పాలతో పాటు స్తూప నమూనా, వేదిక భాగపు పునర్నిర్మాణం ఉన్నాయి. దగ్గరలోనే మహాచైత్య స్థలం ఉంది. 2006లో దలైలామా నిర్వహించిన కాలచక్ర దీక్షా సమయంలో వేలాది బౌద్ధులు ఇక్కడికి వచ్చారు. వారికి ఈ స్థలం శిథిలం కాదు, ఆరాధ్య చైత్యం. అక్కడ ప్రదక్షిణ నేటికీ సాధ్యమే. కాని అక్కడ నడిచేవారి ఎడమపక్కన కథలు లేవు. నడక ఉన్నచోట శిల్పం లేదు, శిల్పం ఉన్నచోట నడక లేదు. అమరావతి సమస్య సారాంశం ఇదే.

దీనికి నాగార్జునకొండ భిన్నమైన ఉదాహరణ. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందన్న కారణంగా 1954–60 మధ్య అక్కడ విస్తృతమైన తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను విడదీసి కొండపైన, అనుపు వద్ద తిరిగి నిర్మించారు. ఇదీ తరలింపే. వాటి అసలు స్థలం నీటి అడుగున ఉంది. అయినా అక్కడ తరలించినది ఒంటరి రాళ్లను కాదు, కట్టడాల విన్యాసాన్ని. సందర్శకుడు స్తూపం చుట్టూ నడవగలడు. వందేళ్ల కిందట అమరావతిలో కోల్పోయిన దానికి విలువ తెలిసిన తరువాతి తరం చేసిన పని అది. తరలింపు తప్పనిసరి అయినప్పుడు కూడా సంబంధాలను కాపాడవచ్చని నాగార్జునకొండ నిరూపించింది. అందులోనూ ఒక పరిమితి ఉంది. ప్రధాన శిల్పఫలకాలు మ్యూజియం గదిలోనే ఉన్నాయి. వాతావరణం నుంచి రక్షణ, సందర్భ పరిరక్షణ అనే రెండు ధర్మాల మధ్య ఘర్షణ అక్కడా తీరలేదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన ముఖ్యాంశాలు ఇవి:

1. అమరావతి శిల్పం నడిచే చూపరిని దృష్టిలో ఉంచుకొని చెక్కినది. వెలుపలి ముఖం, లోపలి ముఖం అన్న భేదం, వేదిక వంపు, దాతల శాసనాలు దీనికి సాక్ష్యాలు.

2. రేఖాచిత్రం, బజారు దిబ్బ, సోపానమార్గపు గోడ, సిమెంటు గోడ, అద్దాల గది అనే ఈ ప్రదర్శనా రూపాలన్నీ వేర్వేరు ఉద్దేశాలతో ఏర్పడినా, అన్నీ చూపరిని నిలబెట్టి రాయిని ఒంటరిని చేశాయి.

3. మూలాన్ని స్థలంలో ఉంచే ప్రత్యామ్నాయం 1881 నాటికే అందుబాటులో ఉంది. కనుక తరలింపు చారిత్రక అనివార్యత కాదు, ఒక ఎంపిక.

4. శైలీ దశలపై జరిగిన విలువైన పరిశోధన కూడా మ్యూజియం సేకరణల హద్దులను చాలావరకు అనుసరించింది.

వీటి నుంచి ఒక కర్తవ్యం స్పష్టమవుతుంది. శిల్పాలు ఎక్కడ ఉండాలన్న చర్చ సాగవలసిందే. అది తేలేవరకు వేచి ఉండనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. మెకంజీ చిత్రాలు, సెవెల్ పటం, బర్జెస్ నివేదిక ఆధారంగా అన్ని మ్యూజియంలలోని రాళ్లను ఒకే జాబితాలో, వేదికలోని వాటి స్థానాల ప్రకారం నమోదు చేయవచ్చు. కోల్ కోరిన ప్రతిరూపాలను ఇప్పుడు వ్యతిరేక దిశలో తయారు చేయవచ్చు. ఒకనాడు సాంచీ నకలు లండన్‌కు వెళ్లినట్లే, లండన్, చెన్నై రాళ్ల నకళ్లు అమరావతి ప్రదక్షిణాపథానికి రావచ్చు. శిల్పం కింద రాసే వివరణలో తరలించినవాడి పేరు కంటే ముందు దానం చేసినవారి పేరు, తెలుగులోనూ, ఉండవచ్చు.

ఈ పనులు జరగకుండా కేవలం రాళ్లు తిరిగి వస్తే, అమరావతిలో మరో గోడ లేస్తుంది. లండన్ మెట్ల దగ్గర జరిగిన పొరపాటు సొంత ఊళ్లో పునరావృతమవుతుంది. విధికుడు ఇచ్చిన పూర్ణఘట ఫలకం ఏ మ్యూజియం ఆస్తి అన్న ప్రశ్నకు చట్టం సమాధానం చెప్పగలదు. అది దేని పక్కన నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది పరిశోధన.